చిన్నస్వామి కొన్న పెద్ద గిటారు

కుప్పంలో రైల్వే స్టేషను నుంచి బస్టాండుకు పోయే దారిలో చిన్నస్వామికి ఒక చిన్న మోటారు వైండింగు అంగడి ఉంది. పొద్దున్నే షట్టరు ఎత్తి, గడప ముందు నీళ్ళు చల్లి, కాలిపోయిన బోరు మోటార్లను గోడ వారగా పేర్చుకుని కూర్చున్నాడంటే మధ్యాహ్నం సంగటి వేళ దాకా లేవడు. మాడిపోయిన తీగంతా పీకి పారేసి, కొత్త రాగి తీగను చుట్టలు చుట్టలుగా లోపలికి దించుతూ ఉంటాడు. శాంతిపురం నుంచి, గుడుపల్లె నుంచి వచ్చిన రైతులు పక్కనే స్టూలు మీద కూర్చుని, పైరు ఎండిపోతోందని తొందరపెడుతూ ఉంటారు. అతను తల ఎత్తకుండానే "అయిపాయప్పా, అయిపాయ" అంటూ ఉంటాడు.

ఆదివారం విడిచి ఆదివారం మాత్రం అంగడి తెరవడు. ఆ రోజు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని స్టేషనుకు పోతాడు. బెంగళూరు పాసింజరులో భార్య మునీశ్వరి, కూతురు జాహ్నవి దిగుతారు. సాయంత్రం వాళ్ళను మళ్ళీ బండెక్కిస్తాడు. సంచులు పైన సర్ది, పాప తల నిమిరి, గబగబా దిగిపోతాడు. ఏ మాటల్లోనో పడి దిగడం రొవంత ఆలస్యమైతే, ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకున్న మనిషి అక్కడినుంచే కేకేస్తాడు.

"చిన్నస్వామీ, దిగప్పా! బండి పోవాల!"

చిన్నస్వామి లోపల ఉంటే బండి బెంగళూరు చేరదు. అది అందరికీ తెలిసిన సంగతే. వి.కోట, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, అంతవరకు అతనికి ఏ అడ్డూ లేదు. ఆ పొలిమేర దాటి ఎటు బయల్దేరినా, అతను ఎక్కిన బండి తిరిగి కుప్పానికే వచ్చి ఆగుతుంది. డ్రైవరు స్టీరింగు తిప్పడు, మలుపు తిరిగినట్టు ఎవరికీ తెలియదు. కాసేపు కిటికీలోంచి మామిడి తోటలు, బండలు, చింతచెట్లు కనిపిస్తాయి, ఆ తర్వాత కుప్పం బస్టాండు కనిపిస్తుంది. ఐటీఐ చదవడానికి తిరుపతి బయల్దేరిన రోజున మొదటిసారి అలా జరిగింది. ఆ పైన ఇంకో రెండు మూడు సార్లు చూసి, అతనే ఆశ వదులుకున్నాడు. కొందరికి వంకాయ పడనట్టు చిన్నస్వామికి దూరపు దారి పడదని ఊరు సరిపెట్టుకుంది.

పెళ్ళిచూపుల్లో కూడా ఆ సంగతి దాచలేదు. మునీశ్వరిది పుంగనూరు. "పుంగనూరు దాకా వస్తాడు గదా, అంతకంటే ఏం కావాల" అన్నారు ఆమె తరపువాళ్ళు. కొన్నేళ్ళు బాగానే గడిచింది. తర్వాత కుప్పంలో ఆమె పనిచేసే కుట్టు యూనిటు మూతపడింది. బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని దొరికింది. పాపకు మంచి బడి కూడా దొరికింది. అప్పటినుంచి వాళ్ళిద్దరూ అక్కడ, అతను ఇక్కడ.

ఆ ఆదివారం భోజనాల దగ్గర మునీశ్వరి తల వంచుకుని సంగటి ముద్దను పులుసులో అద్దుతూ మాట మొదలుపెట్టింది.

"ఇంగమీదట నెలకొకసారే వస్తామయ్యా."

"యాల?" అన్నాడు చిన్నస్వామి.

"యాల అంటే ఏం చెప్పేది? వారమంతా ఫ్యాక్టరీ, ఆదివారం రైలు. పోను రాను నేనే రావాల. నీకు దారి లేదని తెలిసే చేసుకున్నా, నిన్ను అనడం ల్యా. నాకూ కాళ్ళుండాయి గదా, అవీ అరుగుతాయి."

చిన్నస్వామి పళ్ళెంలో పులుసు ఎక్కువైందన్నట్టు దానివైపే చూస్తూ ఉండిపోయాడు. మధ్యలో జాహ్నవి అందుకుంది.

"నాన్నా, నా పుట్టినరోజుకి గిటారు కావాల. మా స్కూల్లో నేర్పిస్తాండారు. ఒకటే ఉండాది, నా వంతు వచ్చేసరికి బెల్లు కొడతారు."

"కొందాంలేమ్మా."

"నువ్వు కొని పెట్టు. అమ్మ వచ్చినప్పుడు తెస్తాది. నువ్వెట్లా రాలేవు గదా."

ఆ పిల్ల ఆ మాటను అలిగి అనలేదు. బయట ఎండగా ఉంది అన్నంత మామూలుగా అనేసి నీళ్ళు తాగింది. చిన్నస్వామి చేతిలోని ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. బిడ్డ ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరడించేవాడు.

పుట్టినరోజు రెండు వారాల తర్వాత వచ్చే ఆదివారం. స్నేహితులను పిలుచుకున్నారు కాబట్టి ఆ రోజు వాళ్ళు కుప్పం రారు.

కుప్పంలో గిటార్లు అమ్మే అంగడి లేదు. మంగళవారం నాడు చిన్నస్వామి పొద్దున్నే బస్సెక్కి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె పోయాడు. ఆ ఊళ్ళోనే బెంగళూరు బస్టాండు అని పిలిచే చోటు వెనక సందులో గంగాధరం అంగడి ఉందని ఎవరో చెప్పారు. ఆ అంగట్లో ఒకవైపు హార్మోనియాలు, తబలాలు, భజన తాళాలు ఉన్నాయి, ఇంకోవైపు బడిపిల్లల బ్యాండు డ్రమ్ములు. ఎదురుగోడకు గిటార్లు వేలాడుతున్నాయి. అరవై దాటిన గంగాధరం ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"ఎవరికప్పా?"

"మా పాపకి. నిండా ఖరీదుది వొద్దన్నా. మనకు అందేట్టు సూపించు."

"అన్నీ అందేటివే. అందని వాటిని నేను తెప్పించను. రా."

ఒక్కొక్కటే దించి బల్ల మీద పెట్టాడు. మొదటిది నీలం రంగు వేసి మెరుస్తూ ఉంది. "ఇది సూసేకి బాగుంటాది. ఫోటోలు దిగేవాళ్ళు కొంటారు. పలుకు అంతంత మాత్రమే." రెండోది నల్లది. "ఇది చెక్కే కాదు, ప్లాస్టిక్కు జాతి. వానలో వదిలేసినా ఏం కాదు. వాయిస్తే బకెట్టు మింద కొట్టినట్టుంటాది." మూడోది చిన్నది, ఎర్రటి చెక్క. గంగాధరం దాన్ని కొంచెం ముద్దుగా పట్టుకున్నాడు. "బిడ్డలకంటే ఇదప్పా. ముక్కాలు సైజు. పొరలు అతికించిన చెక్క, ఎండకీ వానకీ తట్టుకుంటాది. నైలాన్ తీగలు, వేళ్ళు కోసుకోవు."

చిన్నస్వామి చూపు ఆ పక్కనున్న నాలుగో దాని మీద పడింది. పెద్దది. లేత గోధుమరంగు, ఏ మెరుపూ లేదు.

"అదేందన్నా?"

"అది ఫుల్ సైజు. పైపలకంతా ఒకటే జాతి చెక్క, లోపల పొరలు లేవు. మంచు కురిసే దేశంలో పెరిగిన చెట్టంట. వెనకా పక్కలా మాత్రం పొరల చెక్కే, అందుకే ఈ ధరకు వచ్చింది. ఇనప తీగలు. పెద్దోళ్ళకి అది."

చిన్నస్వామి చూపుడువేలితో లావుపాటి తీగను మీటాడు. ఆ మోత చెవిలోకి పోయినట్టు లేదు, ఒళ్ళోకి వచ్చి కూర్చున్నట్టుంది. అది సన్నబడి ఆగిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు. మళ్ళీ మీటాడు.

"ఇదియ్యన్నా."

"పాపకు ఎన్నేళ్ళు?"

"ఎనిమిది నిండతాది."

"చెయ్యి అందదప్పా."

"బిడ్డలు పెరగరా ఏంది?"

గంగాధరం దాన్ని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాడు. "సైజు కుదరకపోతే తెచ్చి మార్చుకో. ధర ఇంచుమించు ఒకటే" అన్నాడు.

బస్టాండులో జనం ఎక్కువగా ఉన్నారు. పుంగనూరు బస్సు ఆగే చోట ఆ రోజు ఇంకేదో బస్సు ఆగి ఉంది. చిన్నస్వామి బోర్డు చూడకుండా ఎక్కేసి, కిటికీ పక్కన కూర్చుని, గిటారును ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద చుట్టాడు. చల్లగాలికి కన్ను మూతపడింది. కండక్టరు భుజం తట్టినప్పుడు మెలకువ వచ్చింది. ఖాకీ చొక్కా వేసుకున్న నడివయసు ఆమె. ఆమె పేరు రాజమ్మ అని తర్వాత తెలిసింది.

"టికెట్టు తీసుకోకుండా నిద్రపోతాండావే. యాడికప్పా?"

"పుంగనూరు."

"పుంగనూరా! ఇది చింతామణి మింద బెంగళూరు పోతాది. చీకలబైలు చెక్‌పోస్టు దాటి ఎంత సేపాయ!"

చిన్నస్వామి కిటికీలోంచి చూశాడు. అంగళ్ళ మీద బోర్డులన్నీ కన్నడంలో ఉన్నాయి. కర్ణాటకలోని రాయల్పాడులో దిగి, రోడ్డు పక్కన గిటారు భుజాన వేసుకుని నిలబడ్డాడు. పాల క్యాన్ల మోటారుసైకిళ్ళు పోతున్నాయి. టమాటా పెట్టెల లారీ ఒకటి పోయింది. ఆ మట్టి కూడా కుప్పం మట్టిలాగే ఉంది, అయినా అతను వంగి దాన్ని ఒకసారి వేళ్ళతో ముట్టి చూశాడు. ముప్పై ఏడేళ్ళ మనిషి, అంత దూరం ఎన్నడూ రాలేదు. కాకా అంగట్లో టీ అడిగితే వాళ్ళు తెలుగులోనే బదులిచ్చారు. రెండు టీలు తాగి, ఎదురు బస్సులో మదనపల్లె వచ్చి, అక్కడినుంచి ఇల్లు చేరాడు.

ఆ సాయంత్రం ఫోను చేసి మునీశ్వరికి చెప్పాడు.

"నేనీ పొద్దు రాయల్పాడు పోయినా."

"యాల పోయినావు?"

"బస్సు తప్పి."

"ఊ" అంది మునీశ్వరి. అంతకు ముందు ఎన్నిసార్లు ఆశపడి ఉంటుందో ఏమో, ఆ మాటను అక్కడే వదిలేసింది. "గిటారు దొరికిందా? ఎంత సైజు? స్కూలు సారు ముక్కాలు సైజు, నైలాన్ తీగలు అని రాసిచ్చినాడు."

"ఇది పెద్దది."

"అయితే మార్చు. నీ బిడ్డ ఎత్తెంతో నీకు తెలీదా?"

తనకు దారి తెరుచుకుందనే చిన్నస్వామి అనుకున్నాడు. ఎందుకు తెరుచుకుంది, ఇన్నాళ్ళు ఎందుకు మూసుకుంది, అదంతా ఆలోచించలేదు. పుట్టినరోజుకు ముందు శుక్రవారం బట్టలు సంచిలో సర్దుకుని మదనపల్లె పోయి, గిటారు మార్చుకుని, అటునుంచి అటే బెంగళూరు పోదామనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. గంగాధరం పెద్దది తీసుకుని, ఎర్రటి చిన్నదాన్ని ఇచ్చి, "ఇప్పుడు పాపకు సరిపోతాది" అన్నాడు. బస్టాండులో రాజమ్మ బస్సు ఉంది. ఈసారి చిన్నస్వామి ముందుగానే తన సంగతి చెప్పుకున్నాడు. నిజాయితీగా చెప్పకపోతే తప్పనిపించింది.

"ఓ, ఆ కుప్పం చిన్నస్వామివి నువ్వేనా?" అంది రాజమ్మ. "మా వాళ్ళు చెప్తాంటారు. కానీ ఆ పొద్దు నా బండ్లో బాగానే వచ్చినావు గదప్పా. ఎక్కు."

చిన్న గిటారు ఒళ్ళో బరువే లేదు. జాహ్నవి తలుపు తీసి ఏమంటుందో, మునీశ్వరి ముఖం ఎలా ఉంటుందో అనుకుంటూ కూర్చున్నాడు. చీకలబైలు దాటింది. చింతచెట్లు వచ్చాయి, బండలు వచ్చాయి, మామిడి తోట వచ్చింది. ఆ తర్వాత తన అంగడి పక్కనుండే టీ కొట్టు వచ్చింది. బస్సు కుప్పం బస్టాండులో ఆగింది.

డ్రైవరు ఇంజను ఆపేసి వెనక్కి తిరిగి చూశాడు. నిద్ర లేచిన ఒక ముసలాయన బయటికి తొంగి చూసి, "కుప్పమా? అయితే చిన్నస్వామి ఎక్కినట్టుండాడు" అన్నాడు. జనం గొణుక్కుంటూ సామాన్లు దించుకున్నారు. సాయంత్రం రైలుకు పోవాలని కొందరు స్టేషను వైపు నడిచారు. చిన్నస్వామి తల దించుకుని మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"బాగానే వచ్చినావు గదాని ఎక్కించుకుంటి" అంది రాజమ్మ. "ఆ పొద్దు పోయిన దారి ఈ పొద్దు యాల పోలా?"

"అదే తెలీడం ల్యామ్మా."

ఆమె కోపంగానే ఉన్నా, మనిషిని కిందికీ మీదికీ చూసింది. "ఆ పొద్దు నీ ఒళ్ళో దూడంత గిటారు ఉండె. ఇదేంది, పిల్లదాన్ని పట్టుకొచ్చినావు?"

చిన్నస్వామి చేతిలోని సంచి వైపు చూశాడు. మోటారు వైండింగులో ఎక్కడో ఒక చుట్ట పక్కదానికి తగిలి మోటారు తిరగనప్పుడు, ఆ చోటు వేలికి తగిలితే ఎలా ఉంటుందో అలా అనిపించింది. పెద్దది ఎక్కడో మంచుదేశంలో పుట్టి, ఎన్ని దేశాలు దాటుకుని మదనపల్లె వచ్చింది. అది ఒళ్ళో ఉన్నంతసేపు దారి దాన్ని చూసి పోనిచ్చింది. అతన్ని చూసి కాదు.

శనివారం పొద్దున అంగడి తెరిచాడు గానీ చెయ్యి పని మీద పోలేదు. చిన్న గిటారు బల్ల మీద ఉంది. పాప చేతికి అదే సరైనది, ఆ మాటలో అనుమానం లేదు. దాన్ని ఎవరి చేతనైనా రైల్లో పంపితే రేపు పొద్దునకు పాప చేతిలో ఉంటుంది. పెద్దది పాపకు పనికిరాదు, కానీ దానితో తను పోగలడు. రెండూ కొనే స్తోమత లేదు. బిడ్డకని చెప్పి తన కోసం కొనుక్కునే తండ్రి ఎలాంటి తండ్రి? అలా ఎటూ తేలక కూర్చుని ఉండగా జాహ్నవి ఫోను చేసింది.

"నాన్నా, గిటారు మార్చినావా?"

"మార్చినానమ్మా. చిన్నదే ఉండాది."

"ముక్కాలు సైజే గదా? సారు చెప్పినాడు, అది అయితే ఎవరూ పట్టుకోకపోయినా నేనొక్కదాన్నే వాయించుకోవచ్చంట. అమ్మ డ్యూటీకి పోయినప్పుడు కూడా."

"ఒక్కదానివే ఉంటావా అప్పుడు?"

"ఊ. తలుపు గడియ పెట్టుకుని ఉంటా. నాకేం భయం ల్యా నాన్నా."

చిన్నస్వామి ఫోను పెట్టేశాడు. బెంగళూరులో వాళ్ళుండే గదిని అతను ఎన్నడూ చూడలేదు. గడియ ఏ వైపు ఉంటుందో, పాపకు అందుతుందో లేదో కూడా తెలియదు. షట్టరు సగం దించి, చిన్న గిటారు తీసుకుని మదనపల్లె బస్సెక్కాడు.

గంగాధరం అతన్ని చూడగానే కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది అంగడి అనుకున్నావా, అద్దెకిచ్చే తావు అనుకున్నావా?"

"పెద్దదే కావాలన్నా."

"పాప చెయ్యి అందదని ఎన్నిసార్లు చెప్పేది నీకు?"

"అది ఒళ్ళో ఉంటేనే నాకు దారి పోనిస్తాది. పాప కాడికి పోవాల."

గంగాధరం ఆశ్చర్యపోలేదు. కాస్త నొచ్చుకున్నాడంతే. "ఆ మాట మొదట్నే చెప్పకూడదా?" అంటూ స్టూలెక్కి పెద్దది దించాడు. తీగలు బిగించి, పైపలకను వేలితో తట్టి చూశాడు. "పైది పొరలు లేని చెక్కప్పా, ఎండలో పెట్టొద్దు, చీలతాది. అది చీలితే ఇంగ ఏం పోనిస్తాదో ఏమో నాకు తెలీదు" అన్నాడు.

ఆదివారం పొద్దున పాసింజరు కుప్పంలో ఆగింది. చిన్నస్వామి ఎక్కి కూర్చున్నాడు. జెండా మనిషి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎవరినెక్కించినావు? దిగప్పా."

"ఎవరినీ ఎక్కించలా. నేనే పోతాండా."

ఆయన చిన్నస్వామి ఒళ్ళోని గిటారు చూశాడు, పెట్టెలోని జనాన్ని చూశాడు, గడియారం చూసుకున్నాడు. చివరికి జెండా ఊపాడు.

గుడుపల్లె వచ్చింది. బిసానత్తం వచ్చింది. చిన్నస్వామి రెండు చేతులూ గిటారు చుట్టూ వేసి, గడ్డం దాని అంచున ఆనించి కూర్చున్నాడు. తర్వాత వచ్చేది కామసముద్రమా, కుప్పమా? కామసముద్రమే వచ్చింది. బంగారుపేటలో జనం తోసుకుని ఎక్కారు. పక్కన ఇరుక్కున్న ఒకామె, "దాన్ని పైన పెట్టకూడదాన్నా, బిడ్డను కూర్చోబెట్టుకుంటా" అంది. "తప్పుగా అనుకోవద్దమ్మా, దీన్ని కింద పెట్టేకి లేదు" అని, తనే సీటు అంచుకు జరిగాడు. బండి అక్కడ చాలాసేపు ఆగింది. గొంతు ఎండిపోయింది. కొళాయి కిటికీకి ఎదురుగానే ఉంది, దిగలేదు. తొడలు తిమ్మిరెక్కాయి, చెమట చొక్కాను వీపుకు అంటించింది. దూరం పోయేకొద్దీ భయం తగ్గుతుందనుకున్నాడు, అది పెరిగింది. ఇప్పుడు తిరిగిపోతే ఇంత దూరమూ తిరిగిపోవాలి. మాలూరులో బోర్డు మీది కన్నడ అక్షరాలను ఒకటికి రెండుసార్లు కూడబలుక్కున్నాడు. వైట్‌ఫీల్డులో అద్దాల మేడలు కనిపించాయి. కె.ఆర్.పురంలో దిగి ప్లాట్‌ఫారం బెంచీ మీద కాసేపు కూర్చున్నాడు. గిటారు మాత్రం ఒళ్ళోనే ఉంది.

అడ్రసు ఫోనులో చూపిస్తూ నడిచే పోయాడు. మూడో అంతస్తులో నీలం తలుపు. కొడితే మునీశ్వరి తీసింది. చేతికి శనగపిండి అంటుకుని ఉంది. ఆమె అతన్ని చూసి, అతని వెనక మెట్లు చూసి, మళ్ళీ అతన్ని చూసింది.

"చెప్పులు బయట విడువు. ఇప్పుడే తుడిచినా" అంది.

అని లోపలికి పోయింది. వంట మూల నుంచి గిన్నెల చప్పుడు అవసరమైనదానికంటే ఎక్కువగా వినిపించింది. చాలాసేపటికి మొగం కడుక్కుని వచ్చి నీళ్ళ చెంబు అందించి, గిటారు వైపు చూసింది. "ఇది మార్చమన్నా గదా."

"మార్చి, మళ్ళీ మార్చినా. ఇది ఉంటేనే రాగలిగినా."

మునీశ్వరి ఖాళీ చెంబు తీసుకుని మళ్ళీ వంట మూలకు పోయింది.

కిందింటి పిల్లలతో ఆడుకుంటున్న జాహ్నవి మెట్లన్నీ ఒక్క ఉరుకున ఎక్కి వచ్చి తండ్రి నడుము పట్టుకుంది. తర్వాత గిటారు పట్టుకుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే పిల్ల కనబడలేదు, కళ్ళు మాత్రం పైనుంచి కనిపించాయి. కుడిచెయ్యి పైనుంచి వేస్తే తీగలదాకా రాలేదు. ఎడమచెయ్యి చాచి ఇనప తీగను నొక్కి, వెంటనే తీసి వేలు నోట్లో పెట్టుకుంది. కాసేపు అటూ ఇటూ తిప్పి, తండ్రి వైపు తోసింది.

"ఇది నాది కాదు నాన్నా. నీది."

చిన్నస్వామి దారిపొడుగునా ఏవేవో సమాధానాలు కూర్చుకున్నాడు. నువ్వు పెరుగుతావు, సంవత్సరం ఆగితే సరిపోతుంది అని చెప్పాలనుకున్నాడు. ఆ పిల్ల ముఖం చూశాక అవన్నీ పక్కన పెట్టేశాడు.

"అవునమ్మా, నాదే" అన్నాడు. "నీకని పోయి నాకు కొనుక్కున్నా. అదొక్కటే నన్ను ఈడికి తెచ్చేది. నీకు కోపమొస్తే రానీ."

జాహ్నవి వేలు నోట్లోంచి తీసి ఆలోచించింది. "నీకు వాయించేది వచ్చా?"

"రాదు."

"మరి యాల కొన్నావు?" అని నవ్వేసింది. "సరే, కూర్చో."

అతను గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని గిటారు పెట్టుకున్నాడు. పిల్ల అతనికీ గిటారుకీ మధ్య దూరాలని చూసి, కుదరక, పక్కనుంచి మోకాళ్ళ మీద నిలబడింది. అతని ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని తీగల మీద పెట్టింది. "ఇది ఈడ. ఇది ఆడ. గట్టిగా నొక్కు. నొప్పి పుడితే చెప్పు." ఇరవై ఏళ్ళు రాగి తీగ లాగిన వేళ్ళు అవి, ఇనప తీగ వాటికి తెలియనే లేదు. "నొప్పి లేదు" అన్నాడు. "అట్లనే పట్టుకో, కదిలించొద్దు" అని, తను కుడిచేత్తో తీగలన్నిటినీ ఒక్కసారి పై నుంచి కిందికి దువ్వింది. గది నిండా మోగింది. శనగపిండి కలుపుతున్న మునీశ్వరి చెయ్యి ఆగింది.

ఆ సాయంత్రం చిన్నస్వామి గిటారు తీసుకుని రైలెక్కాడు. దాన్ని ఇక్కడ వదిలిపెట్టడానికి లేదని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. జాహ్నవి కిందివరకు వచ్చి, "వచ్చే ఆదివారం ఇంకోటి నేర్పిస్తా, పాతది మర్చిపోవద్దు" అంది. అతను వచ్చే ఆదివారం వచ్చాడు. ఆపై ఆదివారం కూడా వచ్చాడు. బంగారుపేట దాకా కాళ్ళు తిమ్మిరెక్కడం, ప్రతి స్టేషనులోనూ బోర్డు కూడబలుక్కోవడం మాత్రం మానలేదు. తలుపు గడియ పాప చేతికి సులువుగా అందేట్టు కిందికి దించి బిగించాడు. వారం మధ్యలో అంగట్లో రైతులు కూర్చుని చూస్తుండగానే, పాప చెప్పిన చోట వేళ్ళు పెట్టి కుడిచెయ్యి లేకుండా ఎడమచేత్తోనే సాధన చేసేవాడు. కుడిచేతి పని అతనిది కాదు.

కొత్తలో ఆదివారం వచ్చిందంటే మునీశ్వరి పొద్దున్నే లేచి, రైలుకు పోవలసిన పని లేదని గుర్తొచ్చి, ఏం చెయ్యాలో తెలియక ఇల్లంతా రెండుసార్లు తుడిచేది. ఉతికిన బట్టలు మళ్ళీ ఉతికేది. చిన్నస్వామి, జాహ్నవి చాప మీద కూర్చుని ఒకే పాటను తప్పులతో మొదటినుంచి మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతుంటే, గడపలో నిలబడి చూసి, ఏదో పని ఉన్నట్టు పోయేది.

ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆమె గిన్నెలు కడిగి వచ్చి, వాళ్ళ పక్కనే నేల మీద చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగింది. ఒక్క నిమిషం అనుకుంది కాబోలు. వాళ్ళు పాట సగానికి వచ్చేసరికి ఆమె నోరు కాస్త తెరుచుకుంది, ఊపిరి బరువైంది. పెళ్ళయి పదేళ్ళలో మునీశ్వరి పట్టపగలు నిద్రపోవడం చిన్నస్వామి చూడలేదు. కళ్ళకింద నల్లటి చారలు, చెప్పులు ఒరిసి కాయలు కాచిన పాదాలు, అన్నీ అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. ఇన్నేళ్ళూ దారి లేక చిక్కుకున్నది తనొక్కడే అనుకుంటూ వచ్చాడు.

మెల్లగా అరచేత్తో తీగలు అణిచిపెట్టాడు. జాహ్నవి కూడా అర్థం చేసుకుని చెయ్యి తీసేసింది. గదిలో సద్దు లేదు. కింద వీధిలో ఎవరో కూరగాయలు అమ్ముతున్నారు.

మునీశ్వరి కళ్ళు తెరవలేదు.

"యాల నిలిపినారు?" అంది నిద్రలోనే. "వాయించండి."